మధ్యాహ్నపు కొక్కెం

"ఆ కొక్కేనికి ఎవరి సంచీ తగిలించడానికీ వీల్లేదు!"

పెద్దకోడలు అంత గట్టిగా అనేసరికి గుమ్మంలో నిలబడ్డ ముసలాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ చేతిలో మనవడి సంచీ ఉంది. సంచీ మీద ఏనుగు బొమ్మ. ఆ ఏనుగు కూడా కాస్త కంగారుపడ్డట్టే కనిపించింది.

"మీవారే రమ్మన్నారమ్మా," అన్నాడాయన. జన్మంతా తాపీపని చేసి ఈమధ్యే మానేసిన మనిషి. మాట కూడా ఇటుక మీద ఇటుక పెట్టినట్టు నిదానంగా పెడతాడు. "మధ్యాహ్నాలు ఒక చోటు ఖాళీ అయిందన్నారు. మా కోడలికి ఉద్యోగమొచ్చింది. పొద్దున పిల్లాణ్ణి నేను చూసుకోగలను. మధ్యాహ్నమైతే వాడికంటే ముందు నేనే పడుకుంటాను."

"ఖాళీ లేదు."

ముసలాయన కళ్ళు గోడ వైపు వెళ్ళాయి. వెళ్ళక ఏం చేస్తాయి? తలుపు పక్కనే పొడుగాటి చెక్క, దానికి రెండు వరసల కొక్కేలు. పై వరస పొద్దుటిపూటకి, కింది వరస మధ్యాహ్నానికి. తల్లులు పనికెళ్తూ ఆవిడ దగ్గర వదిలే ప్రతి పిల్లకీ పైనొకటి, కిందొకటి. కింది వరస నిండా చిన్న చిన్న దుప్పటి సంచులు వేలాడుతున్నాయి, చివరిది తప్ప. ఆ చివరి కొక్కెం పైన నల్లరంగు చుక్క ఒకటి పెట్టి ఉంది.

"అది మిరియానిది," అంది పెద్దకోడలు, ఆయన అడక్కుండానే. "మీరు వేరే చోట చూసుకోండి."

ముసలాయన ఏనుగుని చంకలో పెట్టుకుని, మనవడి వేలు పట్టుకుని మెట్లు దిగాడు.

లోపల్నుంచి ఆవిడ భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. పై అంతస్తుల్లో ఇరుక్కుపోయినవాళ్ళని క్షేమంగా కిందికి దించడం ఆయన వృత్తి. ఇంట్లో పెళ్ళాం కోపాన్ని కిందికి దించడం మాత్రం ఇన్నేళ్ళయినా చేతకాలేదు.

"ఖాళీ లేదా? మరి అదేంటి, ఆ కొక్కెం ఉపవాసముందా?"

"మీకెవరు చెప్పమన్నారు ఆయనకి?"

"నా కళ్ళు చెప్పమన్నాయి. నువ్వు తిప్పి పంపిన మనుషుల్లో ఈయన మూడోవాడు. ఒకరు కాకపోతే ఒకరు, ఎవరొచ్చినా నీ మొహం చూసి పారిపోతున్నారు."

"మిరియం తిరిగొస్తుంది."

"ఎవరన్నారు? ఆ ఎక్స్‌రే అమ్మాయి అందా?"

పెద్దకోడలు వేలాడే సంచులు సరిచెయ్యడంలో పడింది. మిరియం వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. నెల కిందట ఓ రోజు వచ్చి, తల వంచుకుని, "రేపట్నుంచి పొద్దుటిపూట మాత్రమే పంపిస్తానక్కా. ఇంట్లో కొన్ని మార్పులున్నాయి," అని చెప్పి వెళ్ళిపోయింది. ఏం మార్పులో చెప్పలేదు. ఆ చెప్పని మాటే అప్పట్నుంచీ పెద్దకోడలి కంట్లో నలుసై కూర్చుంది.

"సరే, చోటు నింపకు," అన్నాడు భర్త. "ఆ అమ్మాయి మధ్యాహ్నపు డిపాజిట్ అయినా ఇచ్చెయ్. చోటూ నింపవు, డబ్బూ ఇవ్వవు. ఇదెక్కడి న్యాయం?"

"కొక్కెం నిండాకే ఇవ్వాలి. పద్ధతి పద్ధతే."

"నిండనివ్వంది నువ్వేగా!"

పద్ధతి మంచిదే, కాదనను. పిల్లని చేర్చుకున్న రోజే ఆవిడ ప్రతి తల్లికీ ఆ కొక్కేలు చూపించి చెప్తుంది: "పైదానికొక డిపాజిట్, కిందిదానికొక డిపాజిట్. రేపు మీరు గంటలు తగ్గించుకుంటే, వదిలేసిన కొక్కేనికి ఇంకో పిల్ల సంచీ పడిన రోజున ఆ డిపాజిట్ తిరిగిచ్చేస్తాను. ఒక్క రోజు ఆలస్యం చెయ్యను." ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యలేదు కూడా. డిపాజిట్లన్నీ వేరువేరు కవర్లలో బీరువాలో ఉంటాయి. ఇంట్లో ఎంత ఇబ్బందొచ్చినా వాటి జోలికి వెళ్ళని మనిషి.

కానీ మిరియం కవరు మాట వేరు. అది చేతులు మారిందంటే మిరియం మధ్యాహ్నాలు ఇక తనవి కావని ఒప్పుకున్నట్టే. అది ఆవిడకి మింగుడు పడడం లేదు. అంతకంటే పెద్ద ముల్లు ఇంకోటుంది. తనవి కాకపోతే ఆ మధ్యాహ్నాలు ఎవరివయ్యాయి?

"తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు," అంది వరండాలోంచి అత్తగారు.

అత్తగారి కుర్చీ సంగతి చెప్పాలి. హాలుని రెండుగా కోసిన ప్లైవుడ్ గోడ వరండాలో ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడ, ఒక కాలు పెద్దకోడలి వైపు, ఒక కాలు చిన్నకోడలి వైపు వేసుకుని కూర్చుంటుంది. ఇప్పుడు చేతిలో బఠాణీలున్నాయి. ఏ వైపు వంటకో ఎవరికీ తెలియదు.

"మీరూరుకోండి అత్తయ్యా."

"ఊరుకున్నాను. కుందేలే ఊరుకోవడం లేదు."

* * *

ప్లైవుడ్ గోడంటే పేరుకి గోడ. అటు చిటికేస్తే ఇటు వినిపిస్తుంది. పోయినేడు దాకా తోడికోడళ్ళిద్దరూ కలిసే పిల్లల్ని చూసేవారు. కొక్కేల పద్ధతి కూడా ఇద్దరూ కూర్చుని ఆలోచించిందే. ఆ తర్వాత ఏ పిల్లకి ఎవరు ముద్దు అనే దగ్గర మాటా మాటా పెరిగి, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడక, గోడ లేచింది. ఖర్చు చెరిసగం పెట్టుకున్నారు. రంగు దగ్గర మాత్రం కుదరలేదు. ఇటు వైపు నీలం, అటు వైపు పసుపు.

ఆ మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక పెద్దకోడలు గోడ పక్కనే కూర్చుని చిరిగిన దుప్పటికి కుట్లు వేసుకుంటోంది. కుట్లకి వెలుతురు కిటికీ దగ్గర బాగుంటుంది. కానీ కిటికీ దగ్గర గోడవతలి మాటలు వినపడవు.

అసూయకి కళ్ళుండవంటారు. చెవులు మాత్రం పాముచెవులు. అటు ఎవరో పిల్ల కిలకిలా నవ్వింది. పెద్దకోడలి సూది ఆగింది. మళ్ళీ నవ్వింది.

మిరియమే. మిరియం కాకపోతే ఇంకెవరు? వెక్కిళ్ళొచ్చినట్టు ఆగి ఆగి నవ్వేది అదొక్కతే.

ఆవిడ దుప్పటి పక్కన పడేసి వరండాలోకి వచ్చింది. అత్తగారు కుర్చీలోనే కునుకు తీస్తోంది. చిన్నకోడలి గుమ్మం ముందు పిల్లల చెప్పులు వరసగా ఉన్నాయి. వరస చివర చిన్న పసుపు బూట్లు. వాన బూట్లు.

ఆవిడ వంగి ఒక బూటు తిప్పి చూసింది. ఎడమ బూటు మడమ దగ్గర చీలిపోతే జిగురు పెట్టి అతికించింది తనే. ఆ అతుకు ఇప్పటికీ అలాగే ఉంది.

చిన్నకోడలు చీపురు పట్టుకుని బయటికొచ్చింది. అక్కని చూసి ఆగింది.

"ఇవెవరివి?" అడిగింది పెద్దకోడలు.

"పిల్లవి."

"ఏ పిల్లవి?"

"కొత్తగా చేరిన బుడ్డదానివి. ఏం, అడ్డమొచ్చాయా?"

"ఇవి మిరియం బూట్లు."

"అవును, మిరియానివే. చిన్నవైపోయాయని వాళ్ళమ్మ ఇచ్చింది."

"నీకెందుకిచ్చింది? నాకెందుకివ్వలేదు?"

చిన్నకోడలు నవ్వబోయి ఆపుకుంది. "నీ దగ్గరున్న పిల్లలందరూ పెద్దవాళ్ళు కదక్కా. ఎవరికి తొడుగుతావు? నువ్వే తొడుక్కుంటావా?"

ఇంకో రోజైతే పెద్దకోడలు కూడా నవ్వేదేమో. చిన్నకోడలి వేళాకోళాలకి ఒకప్పుడు అందరికంటే ముందు పగలబడి నవ్వింది ఆవిడే. ఇవాళ అది పుండు మీద కారం చల్లినట్టయింది.

"మధ్యాహ్నాలు మిరియం నీ దగ్గరే ఉంటోంది కదూ?"

చీపురు ఆగిపోయింది. "ఎవరన్నారు?"

"ఒకళ్ళు అనాలా? నాకు చెవుల్లేవా, కళ్ళు లేవా? తల్లి మొహం చాటేసుకుని వెళ్తుంది, పిల్ల కనపడదు, బూట్లు నీ గుమ్మంలో ఉంటాయి."

"అక్కా..."

"మొదట హాలు సగం తీసుకున్నావు. ఇప్పుడు పిల్లని సగం తీసుకున్నావు. నీకు కావాల్సింది పిల్లలు కాదే. నా దగ్గరున్నదేదైనా నీకు కావాలి. అదీ నీ రోగం!"

చిన్నకోడలు ఊడ్చిన చెత్తని మళ్ళీ ఓసారి ఊడ్చింది. అది చూసి పెద్దకోడలు తన మాట సరిగ్గా తగలవలసిన చోటే తగిలిందనుకుంది. తగిలింది కూడా. కానీ ఆవిడ అనుకున్న చోట కాదు.

"లోపలికి రా," అంది చివరికి చిన్నకోడలు. గొంతు తగ్గించింది. "పిల్లలు పడుకుంటున్నారు. ఒక్కొక్కళ్ళ మొహమూ చూసుకుని వెళ్ళు."

"నీ గడప నేను తొక్కను."

"తొక్కవు. నాకు తెలుసు. తొక్కి చూస్తే నీ కోపానికి నిలబడ్డానికి చోటుండదు."

"ఓహో! నాకు నీతులు చెప్పేదాకా వచ్చావా?"

అప్పుడే లోపల్నుంచి తాపీమేస్త్రి బయటికొచ్చాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆయన వెనక పసుపు గోడకి కొత్తగా కొట్టిన మేకు, మేకుకి ఏనుగు సంచీ. చక్కగా కుదురుకుని వేలాడుతోంది.

"ఇక్కడ చోటిచ్చారమ్మా," అన్నాడు పెద్దకోడలితో సంతోషంగా. "మీరు వేరే చోట చూసుకోమన్నది మంచిదే అయింది. పక్కనే దొరికింది."

ఆయన ఎత్తిపొడవలేదు. పాపం, కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. అందుకే అది మరీ మండింది.

పెద్దకోడలు గిరుక్కున తిరిగింది. అత్తగారు కళ్ళు తెరవకుండానే అడిగింది. "ఏమైందే?"

"ఏమీ కాలేదు."

"ఏమీ కాకుండానే అంత అరిచావా? అయితే ఏమన్నా అయిన రోజున మేము ఊరొదిలి పోవాలి."

* * *

మర్నాడు పొద్దున మిరియం వచ్చింది.

ఆ పిల్లని వాళ్ళ నాన్న మిరియం అని ఎందుకు పిలవడం మొదలుపెట్టాడో ఒకసారి చూస్తే తెలుస్తుంది. గుండ్రంగా, నల్లగా, వేలెడంత ఉంటుంది. మాట మాత్రం నాలిక మీద చురుక్కుమంటుంది. ఆరు నెలలప్పుడు ఈ ఇంటికొచ్చింది. పాకింది ఈ గచ్చు మీదే. మొదటిసారి పడింది ఈ గడప మీదే. ఇప్పుడు మూడేళ్ళు దాటాయి.

తల్లి గుమ్మంలోనే దించేసి, "ఆలస్యమైపోయిందక్కా," అంటూ పరిగెత్తింది. మిరియం తన సంచీ పై కొక్కేనికి తగిలించింది. అందుకోసం చిన్న పీట వేసుకుంది. పీట దిగాక కింది వరస చివరికి వెళ్ళి, ఖాళీ కొక్కేన్ని వేలితో ముట్టుకుంది. ఈ మధ్య రోజూ అంతే.

"ఇది నాదే కదా పెద్దత్తా?"

"నీదేనమ్మా. ఎవ్వరికీ ఇవ్వను."

"నిన్నొచ్చిన ఏనుగు అబ్బాయికి?"

"అసలే ఇవ్వను."

మిరియం తృప్తిగా తలూపింది. పెద్దకోడలికి కడుపు నిండిపోయింది. ఆ పిల్ల కూడా ఆ కొక్కేన్ని వదులుకోవడం లేదు. ఇంక ఎవరెన్ని అంటే ఏం?

పది గంటలయ్యేసరికి మిరియం కళ్ళు మూతలు పడడం మొదలెట్టాయి. ఈ మధ్య అదీ అంతే. మిగతా పిల్లలు డబ్బాలు పేర్చుకుంటూంటే, ఇది వచ్చి ఒళ్ళో ఎక్కి, ఎడమ చెవి పైకి వచ్చేలా తల ఆనించింది.

"చెవి," అంది.

పెద్దకోడలు ఆ చెవితమ్మెని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా రాసింది. గట్టిగా కాదు, సాగదీయడం కాదు, పట్టుగుడ్డ నాణ్యం చూసినంత మెల్లగా. పళ్ళు వచ్చే రోజుల్లో పిల్ల గుక్కపట్టి ఏడుస్తూంటే, ఏం చెయ్యాలో తోచక, చెయ్యి అనుకోకుండా అక్కడ పడింది. పిల్ల రెండు నిమిషాల్లో పడుకుంది. అప్పట్నుంచీ అదే మందు. ఈ కిటుకు ఆవిడ ఎవరికీ చెప్పలేదు. భర్తకీ, అత్తగారికీ, కలిసి పనిచేసిన రోజుల్లో చిన్నకోడలికీ. అప్పట్లో మిరియాన్ని పడుకోబెట్టలేక చిన్నకోడలు చేతులెత్తేసినప్పుడల్లా, "ఇటివ్వు," అని తీసుకుని, వీపు అటు తిప్పి పని కానిచ్చేది. అందరూ ఆవిడ చేతిలో మహత్యం ఉందనుకున్నారు. అనుకోనిచ్చింది.

మిరియం ఊపిరి నెమ్మదించింది. నిద్రలోకి జారబోతోంది. వదిలేస్తే పోయేది. కానీ లోపలి ముల్లు వదలనిస్తేనా?

"మిరియం, మధ్యాహ్నాలు ఎక్కడ పడుకుంటున్నావమ్మా?"

"పడుకోవట్లేదు."

"ఎవరి దగ్గర ఉంటున్నావు?"

మిరియం కళ్ళు తెరిచింది. "చెప్పకూడదు."

"ఎవరు చెప్పొద్దన్నారు?"

"అమ్మ. పెద్దత్తకి చెప్పకు అంది."

పెద్దకోడలి వేళ్ళు ఆగిపోయాయి. "చిన్నత్త దగ్గరేనా?"

"చెప్పకూడదన్నానుగా!" అంది మిరియం, లేచి కూర్చుంటూ. నిద్ర ఎగిరిపోయింది. ఒళ్ళోంచి దిగి, కళ్ళు నులుముకుంటూ డబ్బాల వైపు వెళ్ళిపోయింది.

చెప్పొద్దన్నదట! ఇంక అనుమానమెందుకు? పెద్దకోడలు చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. అసూయ పొయ్యి లాంటిది కాదు, ఆర్పితే ఆరడానికి. తడి కట్టెలాగ లోపల్లోపలే కమిలి, పొగ మాత్రం ఇల్లంతా నింపుతుంది. గోడవతల చిన్నకోడలు ఏనుగబ్బాయికి చెప్పులు తారుమారుగా వేసుకోకూడదని నేర్పుతోంది. మధ్యాహ్నానికి చేరిన పిల్లాడు పొద్దుటికే వచ్చేసినట్టున్నాడు. ఆ సంచీ ఈ గోడకి ఉండవలసింది. ఆ సంగతీ ఆవిడకి తెలుసు.

* * *

ఎక్స్‌రే అమ్మాయి మధ్యాహ్నం వచ్చేసరికి వరండాలో అత్తగారు మళ్ళీ బఠాణీల ముందు కూర్చుని ఉంది. మిరియం సంచీ సర్దడానికి పెద్దకోడలు కావాలని ఆలస్యం చేసింది.

"అక్కా," అంది ఎక్స్‌రే అమ్మాయి గడప దగ్గరే నిలబడి. కళ్ళ కింద నలుపు. "అడగాలంటే మొహమాటంగా ఉంది. ఆ మధ్యాహ్నపు చోటుకి ఇంకా ఎవరూ రాలేదా?"

"రాలేదు."

అత్తగారి చేతిలో బఠాణీ కాయ టప్పున పగిలింది. "అదేంటే? నిన్న తాపీమేస్త్రి వచ్చాడు కదా. అంతకుముందు ఇంకో ఇద్దరు. అందర్నీ నువ్వేగా పంపేశావు?"

ఎక్స్‌రే అమ్మాయి కళ్ళు పెద్దకోడలి మొహం మీంచి కొక్కేనికీ, కొక్కెం మీంచి మళ్ళీ మొహానికీ వెళ్ళాయి.

దొరికిపోయిన మనిషి తప్పు ఒప్పుకోవచ్చు, లేదా కలబడొచ్చు. పెద్దకోడలు కలబడింది.

"అవును, పంపేశాను! నీ పిల్ల కోసమే పంపేశాను. నువ్వేం చేశావు? మూడేళ్ళు నా ఒళ్ళో పెరిగిన పిల్లని మధ్యాహ్నమయ్యేసరికి గోడవతల అప్పజెప్పావు. పైగా నాకు చెప్పొద్దని పిల్లకి నేర్పావు. ఈ డిపాజిట్ పట్టుకెళ్ళి ఆవిడకి కట్టడానికేగా ఇంత తొందర?"

"ఏ ఆవిడకి?"

"నటించకు. నా తోడికోడలికి."

"చిన్నక్కకా?" ఎక్స్‌రే అమ్మాయి తెల్లబోయింది. "నేను ఆవిడ దగ్గరికి ఒకేసారి వెళ్ళానక్కా, బూట్లివ్వడానికి. మిరియం నా దగ్గరే ఉంటోంది. ఇంట్లో. నాతో."

"నీతోనా? నీకు డ్యూటీ కదా?"

"మధ్యాహ్నం డ్యూటీ వదిలేసుకున్నాను. జీతం సగమైంది. అందుకే డిపాజిట్ అడుగుతున్నాను, లేకపోతే అడిగేదాన్ని కాదు."

పెద్దకోడలు ఒకడుగు వెనక్కి వేసింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను?" ఎక్స్‌రే అమ్మాయి మిరియం తల నిమిరింది. "దానికి జ్వరమొచ్చింది గుర్తుందా? ఆ రోజు సెలవు పెట్టి ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను. నన్ను రెండు చేతులతో తోసేసి, 'నువ్వొద్దు, పెద్దత్త కావాలి' అంది. అది నా కడుపున పుట్టిన పిల్లక్కా. ఆ మర్నాటి నుంచి డ్యూటీలో నిలబడి ఎవరెవరి ఎముకలో చూస్తున్నాను గానీ, మీరు దాన్ని ఎత్తుకుని తిప్పుతున్నట్టే కనిపించేది. కుళ్ళుకున్నాను. మీ మీద. ఇంత బాగా చూసుకునే మనిషి మీద. అది మీకెలా చెప్పమంటారు? నవ్వుతారనుకున్నాను."

పెద్దకోడలు సిగ్గుపడింది. నిజంగానే పడింది. కానీ ఉన్న మాట చెప్పాలి. సిగ్గుకంటే ముందు ఇంకోటి వచ్చింది. 'నువ్వొద్దు, పెద్దత్త కావాలి' అన్న మాట చెవిన పడగానే ఒళ్ళంతా ఒక తియ్యదనం పాకింది. ఆ తర్వాతే సిగ్గు వచ్చింది.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది," అంది అత్తగారు ఎవర్నీ చూడకుండా.

"ఇంకో మాటక్కా," అంది ఎక్స్‌రే అమ్మాయి. "ఆ కొక్కెం ఎవరికైనా ఇచ్చెయ్యండి. రోజూ ఇంటికొచ్చి ఏమంటుందో తెలుసా? 'నా మధ్యాహ్నం అక్కడే ఉంది, పెద్దత్త ఎవ్వరికీ ఇవ్వదు' అంటుంది. గంటసేపు ఏడుస్తుంది. పడుకోదు. అదలా ఖాళీగా ఉన్నన్నాళ్ళూ నా దగ్గర కుదురుకోదక్కా."

గోడవతల ఎవరో పిల్ల నవ్వింది. ఆగి ఆగి, వెక్కిళ్ళొచ్చినట్టు. మిరియం ఇక్కడే, తల్లి కొంగు పట్టుకుని నిలబడి ఉంది.

పెద్దకోడలు మాట్లాడకుండా లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడైంది. తిరిగొచ్చి కవరు ఎక్స్‌రే అమ్మాయి చేతిలో పెట్టింది. కొక్కెం నిండకుండా డిపాజిట్ తిరిగివ్వడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"తీసుకో. నాదే తప్పు. రేపటికల్లా ఆ కొక్కేనికి ఏదో ఒక సంచీ తగిలిస్తాను. గోడవతలికి వెళ్ళి ఆ ఏనుగు సంచీని అడుక్కునైనా సరే తెస్తాను."

ఎక్స్‌రే అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. అత్తగారు బఠాణీల మీంచి తలెత్తి కోడల్ని కొత్తగా చూసింది. కథ అక్కడితో ఆగి ఉంటే పెద్దకోడలు అందరిలోకీ మంచిదనిపించుకునేది.

"ఇంకొక్కటి అడగనా అక్కా?" అంది ఎక్స్‌రే అమ్మాయి. ఇప్పుడు గొంతులో భయం లేదు, నమ్మకం ఉంది. "దాన్ని మీరెలా పడుకోబెడతారు? నాకది నేర్పించండి. ఎన్ని కథలు చెప్పినా, ఎంత ఊపినా పడుకోదు. మీ దగ్గర క్షణంలో పడుకుంటుందటగా."

పెద్దకోడలి రెండు వేళ్ళూ వాటంతటవే ఒకదానితో ఒకటి రాసుకున్నాయి.

కవరు ఇవ్వడం తేలికైపోయింది. కొక్కెం కూడా తేలికే. ఇది మాత్రం బీరువాలో ఉన్నది కాదు. ఇదీ ఇచ్చేస్తే ఆ పిల్లకి తనతో ఇంకేం పని ఉంటుంది? రేపు తల్లి ఒళ్ళో కూడా రెండు నిమిషాల్లో పడుకుంటుంది. ఎల్లుండి 'పెద్దత్త కావాలి' అనడం మానేస్తుంది.

"ఏముందమ్మా అందులో," అంది, పై కొక్కేనికున్న సంచీ పట్టీ సవరిస్తూ. "బోర్లా పడుకోబెట్టి వీపు మీద తట్టడమే. అదే పడుకుంటుంది."

"తట్టానక్కా. ఎంత తట్టినా..."

"చెయ్యి తిరగాలి. కొన్నాళ్ళు పడుతుందిలే."

మిరియం తలెత్తి చూసింది. కోపంగా కాదు. కథ చెప్తున్న పెద్దవాళ్ళు మధ్యలో ఒక ముక్క మర్చిపోతే పిల్లలు అందిస్తారే, అలా చూసింది.

"కాదు పెద్దత్తా," అంది. తన ఎడమ చెవితమ్మెని రెండు వేళ్ళతో పట్టుకుని చూపించింది. "చెవి కదా?"

అత్తగారి ఒళ్ళోంచి బఠాణీ ఒకటి జారి గచ్చు మీద దొర్లింది. ఎవరూ వంగి తీయలేదు.

"మర్చిపోయావా?" అడిగింది మిరియం.

ఎక్స్‌రే అమ్మాయి పెద్దకోడలి వైపు చాలాసేపు చూసింది. లోపల విరిగిందేదో రోజూ చూసి చెప్పే మనిషి. అరవలేదు, ఏడవలేదు. చెయ్యి చాచి పై వరస కొక్కెం మీంచి మిరియం పొద్దుటి సంచీ తీసి భుజానికి తగిలించుకుంది. పిల్లని ఎత్తుకుంది.

"పొద్దుటి డిపాజిట్ మీ దగ్గరే ఉంచండక్కా. ఈ కొక్కేనికి ఇంకో సంచీ పడ్డాకే ఇవ్వండి. మీ పద్ధతి అదేగా."

"అమ్మా, ఒక్క మాట... ఆగు..."

ఆ అమ్మాయి ఆగలేదు. మెట్లు దిగి వీధిలోకి నడిచింది. గోడవతల చప్పుడు లేదు. అక్కడ కూడా ఎవరో చెవులు రిక్కించి నిలబడ్డారన్నమాట.

పెద్దకోడలు గడప మీదే నిలబడి చూసింది. తల్లి భుజం మీద మిరియం తల కనిపిస్తోంది. తల్లి చెయ్యి ఆ తల వెనక తడుముకుంటూ వెళ్ళి, ఒకసారి కుడి చెవి దగ్గర ఆగి, అది కాదని తెలుసుకుని, ఎడమ చెవిని పట్టుకుంది. వీధి మలుపు తిరిగేలోపే మిరియం తల వాలిపోయింది.